మూలం నిలపండి, ఫలం పంచండి



మొన్న రంజాను వెళ్లిన తర్వాత ఒక జుమా నాడు, నమాజు ముగిసి అందరూ చెప్పులు తొడుక్కుంటున్న వేళ, ఝరాసంగం వైపు నుండి వచ్చిన ఒక పెద్దాయన మమ్మల్ని మసీదు వసారాలో కూర్చోబెట్టుకొని ఒక మాట అడిగారు. "బేటా, నాకు నాలుగెకరాల చెల్క ఉన్నది. ఒక బాయి ఉన్నది. మా అబ్బా పెట్టిన చింతచెట్లు తొమ్మిది ఉన్నయి. కొడుకులిద్దరు పట్నంల ఉంటున్నరు. బిడ్డలు అత్తగారిండ్లల్ల ఉన్నరు. నేను పోయినంక ఈ జమీను ప్లాట్లు కావొద్దు. చెట్లు కొట్టొద్దు. పండింది యతీము పిల్లలకు పోవాలె. గిట్ల రాసిపెట్టొచ్చునా? ఎట్ల రాయాలె?"

మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. సంఘం పనులు చూస్తున్నామని పేరే గాని, వక్ఫ్ అనే మాట రోజుకు పదిసార్లు పలుకుతున్నామే గాని, ఒక ముసలి రైతు తన చెల్కను దేవుని పేర ఎలా వదలిపోవాలో స్పష్టంగా చెప్పలేని స్థితిలో ఉన్నామని ఆనాడు తెలిసింది. కొన్ని వారాలు గడువడిగి కితాబులు తిరగేశాము, ఆలిములను, వకీళ్లను అడిగాము, పాత కాగితాలు చూశాము. తెలిసినదంతా ఆయనతో పాటు మన సభ్యులందరికీ, వారి ఇంటివారికీ ఉపయోగపడునని తలచి ఈ సంచికలో వ్రాస్తున్నాము.

ఖైబర్ తోట నుండి మొదలు

వక్ఫ్ చరిత్ర మొదలయ్యేది ఒక పొలంతోనే. హిజ్రీ 7వ సంవత్సరంలో, అనగా క్రీ.శ. 628లో, ఖైబర్ విజయం తర్వాత హజ్రత్ ఉమర్ (రజి) గారికి అక్కడ మంచి భూమి దక్కింది. అంత విలువైన ఆస్తి అంతకుముందు ఆయనకు ఎన్నడూ లేదు. దానిని ఏమి చేయాలని దైవప్రవక్త (స) వారిని సలహా అడిగితే, భూమి మూలాన్ని అలాగే నిలిపి దాని ఫలాన్ని దానం చేయమని వారు సెలవిచ్చారు. ఉమర్ (రజి) అలాగే చేశారు. ఆ భూమి అమ్మరాదు, దానమివ్వరాదు, వారసులకు పంచరాదు. దాని ఆదాయం పేదలకు, బంధువులకు, బాటసారులకు, బానిసల విడుదలకు వెళ్లాలి. దానిని చూసుకునేవాడు న్యాయంగా తన తిండికి తీసుకోవచ్చు గాని కూడబెట్టుకోరాదు అని షరతులు పెట్టారు.

పధ్నాలుగు వందల ఏళ్ల తర్వాత కూడా మన వక్ఫ్ చట్టాల సారమంతా ఆ నాలుగు షరతుల్లోనే ఉంది. ఇందులో మనం గమనించవలసిన సంగతి ఒకటుంది. ఉమర్ (రజి) "నా భూమి అల్లాహ్ కొరకు" అని ఊరుకోలేదు. ఎవరికి ఇవ్వాలి, ఎవరు చూడాలి, చూసేవాడు ఎంత తినవచ్చు, ఏమి చేయకూడదు అన్నవన్నీ ముందే చెప్పిపెట్టారు.

మదీనాలో నీళ్ల కొరత ఉన్నప్పుడు హజ్రత్ ఉస్మాన్ (రజి) రూమా బావిని కొని అందరికీ వదలిన కథ మన పిల్లలకు తెలిసినదే. ఆ తర్వాతి కాలంలో ఖలీఫా హారూన్ రషీద్ గారి బేగం జుబేదా మక్కా యాత్రికుల కోసం కాలువ త్రవ్వించిన సంగతీ తెలిసినదే. నీరు, చెట్టు, భూమి ఈ మూడూ మొదటి నుండీ మన దానధర్మాల్లో ముందు వరుసలో ఉన్నవి. ఒక ముస్లిము నాటిన చెట్టు నుండి మనిషి తిన్నా, పిట్ట తిన్నా, పశువు తిన్నా అది నాటినవానికి సదఖాయే అని హదీసు చెబుతున్నది. మనిషి చనిపోయిన తర్వాత కూడా అతని ఖాతాలో పుణ్యం జమ అయ్యే మూడు పనులలో మొదటిది సదఖా జారియా, అనగా పారుతూ ఉండే దానం.

బంచరాయికి కూడా ఒక ధర్మం

వక్ఫ్ ఒక్కటే గాక "హిమా" అనే పద్ధతి కూడా ఆనాడు ఉండేది. ఇది చాలామందికి తెలియదు. హిమా అంటే కాపాడిన బీడు. ఇస్లాముకు ముందు అరబ్బు నాయకులు మంచి గడ్డి ఉన్న నేలను తమ మందల కోసమే అట్టిపెట్టుకొని ఇతరులను రానిచ్చేవారు కాదు. ప్రవక్త (స) ఆ సొంత హక్కును తీసివేసి, హిమా అన్నది అల్లాహ్ కొరకు, ఆయన ప్రవక్త కొరకు మాత్రమే, అంటే అందరి మేలు కోసమే, ఉండాలన్నారు. మదీనా దగ్గర నఖీ అనే చోటును అలా కాపాడారు. మదీనా చుట్టూ కొంత మేర చెట్లు నరకరాదని, వేటాడరాదని కూడా ఆంక్ష పెట్టారు.

ఉమర్ (రజి) ఖలీఫాగా ఉన్నప్పుడు రబజా దగ్గరి బీడుకు ఒక కావలివాణ్ణి పెట్టి చెప్పిన మాట ఎంతో గొప్పది. కొద్దిపాటి ఒంటెలు, కొద్దిపాటి గొర్రెలు ఉన్న బీదవాణ్ణి లోపలికి రానివ్వమన్నారు. అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్, ఉస్మాన్ వంటి ధనవంతుల మందలను మాత్రం రానివ్వవద్దన్నారు. వాళ్ల పశువులు పోయినా వాళ్లకు తోటలు, పొలాలు ఉన్నాయి, బీదవాడి పశువులు పోతే అతడు పిల్లల్ని వెంటబెట్టుకొని మన గుమ్మం ముందుకొస్తాడని కారణం కూడా చెప్పారు. మన ఊళ్లలో బంచరాయి భూములను తలచుకుంటే ఈ మాట విలువ బోధపడుతుంది.

మన బీదరు, మన ఎర్రనేల

ఇక మన ప్రాంతానికి వద్దాము. ఈనాడు మనది సంగారెడ్డి జిల్లా. 2016కు ముందు మెదక్. దానికీ ముందు, 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేవరకు, నిర్ణా సర్కిల్ తప్ప జహీరాబాదు తాలూకా అంతా బీదరు జిల్లాలో ఉండి తెలుగు రాష్ట్రానికి వచ్చింది. అందుచేత మన పెద్దల కాగితాలు వెదకవలసినప్పుడు సంగారెడ్డితో పాటు బీదరు దఫ్తరాలు కూడా వెదకవలసి యున్నది.

ఆ బీదరులోనే 1472లో ఖ్వాజా మహమూద్ గవాన్ కట్టించిన మదరసా నిలిచి ఉంది. గీలాను దేశం నుండి వర్తకుడిగా వచ్చి బహమనీ సుల్తానుల వజీరైన ఈ మనిషి కాశీరతన మీనార్లతో, కితాబుఖానాతో ఆ విద్యాలయాన్ని నిలబెట్టాడు. 1481లో తప్పుడు ఉత్తరం సాకుతో ఆయనను చంపించారు. ఆ తర్వాత ఖజానా వెదికితే సొంతానికి దాచుకున్నది స్వల్పమేనని చరిత్రకారులు వ్రాశారు. వజీరు పోయాడు, బహమనీలు పోయారు, మదరసాలో సగం మందుగుండు పేలి కూలింది. అయినా ఆయన పేరు ఆ గోడల మీద ఉంది.

బీదరు దగ్గర నౌబాదులో మరొకటి చూడదగినది ఉన్నది. కరేజ్ అని పిలిచే ఆ భూగర్భ కాలువను బహమనీల కాలంలో ఎర్ర మొరం రాయిని తొలిచి చేశారు. ఊట నీటిని నేల కిందనే పట్టి, మధ్యమధ్య బావులు తీసి, ఎండకు ఆవిరి కాకుండా జనానికి అందించే ఏర్పాటు అది. ఎన్నో ఏళ్లు పూడి ఉండి, 2010 తర్వాతి దశకంలో పూడిక తీస్తే మళ్లీ నీరు కనబడింది. ఝరాసంగం నేల కూడా అదే తరహా. ఝర అంటే ఊట. ఊరి పేరులోనే నీరుంది. కేతకీ సంగమేశ్వర స్వామి గుండానికి వచ్చే భక్తులకు ఆ సంగతి వేరే చెప్పనక్కరలేదు. దేవుని పేర భూమి వదలడం మనకొక్కరికే ఉన్న ఆచారం కాదు. గుడి మాన్యమైనా, మసీదు వక్ఫైనా, ఒక ఊరి రైతులు తమ తిండి నేలలో నుండి తీసి ఇచ్చినదే.

జాగీరు, ఇనాము, వక్ఫ్: మూడింటి తికమక

నిజాం కాలంలో మత, ధర్మ సంస్థల వ్యవహారాలు ఉమూరె మజహబీ శాఖ చూసేది. మసీదులకే గాక గుళ్లకు సంబంధించిన మాన్యాలూ దాని కిందికి వచ్చేవి. భూమి మంజూరైతే దాఖలాగా ముంతఖబ్ అనే కాగితం ఇచ్చేవారు. కాని ఆ రోజుల్లో దేవుని పేర ఉన్నదల్లా ఒకటే తరహా కాదు. పాలకుడు పన్ను వసూలు హక్కు ఇస్తే జాగీరు. ఇమామత్, ముఅజ్జినీ, దర్గా సేవ వంటి పనికి బదులుగా భూమి ఇస్తే అది సేవా ఇనాము, ఉర్దూలో మష్రూతుల్ ఖిద్మత్. సొంతదారు తన సొంత ఆస్తిని శాశ్వతంగా అల్లాహ్ కొరకు అంకితం చేస్తే అది వక్ఫ్. జనం మాత్రం మూడింటినీ కలిపి "దర్గా జమీను" అనో "మసీదు జమీను" అనో పిలిచారు.

1948 సెప్టెంబరు తర్వాత రాజ్యం మారింది. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు వచ్చింది. 1954లో వక్ఫ్ చట్టం, 1955లో ఇనాముల రద్దు చట్టం వచ్చాయి. ఆ పదేళ్లలోనే ఖాస్రా పహాణీ తయారయింది. ఏ భూమి ఏ తరహాదో కాగితం మీద తేల్చుకోవలసిన సమయం అదే. చదువుకున్న పెద్దలు కొందరు అప్పటికే ఊళ్లు విడిచారు. మిగిలినవారిలో చాలామందికి దఫ్తరం గుమ్మం తొక్కే ధైర్యం లేదు. పహాణీ గడిలో ఒక పేరు పడితే పడింది, లేకుంటే లేదు.

దీనికి మా ఇంటి కథే ఒక దృష్టాంతం. మా దాదా తన బావి పక్కన ఉన్న అరెకరం "నమాజుకు, నీళ్లకు" అని పదిమంది ముందు నోటితో చెప్పి ఇచ్చారట. ఇమామ్ అబూ యూసుఫ్ గారి మతం ప్రకారం నోటిమాటతోనే వక్ఫ్ పూర్తవుతుంది. ఇమామ్ ముహమ్మద్ గారు మాత్రం ఆ భూమిని ముతవల్లీ స్వాధీనం చేయాలన్నారు. మా దాదా మొదటిది చేశారు, రెండవది చేయలేదు. పహాణీలో పట్టాదారుగా ఆయన పేరే నడిచింది, తర్వాత మా పెద్దవారి పేర్లు వచ్చాయి. విన్న పదిమంది ఒక్కరొక్కరే పోయారు. చివరికి ఇంట్లో ఒక పెళ్లి ఖర్చు వచ్చినప్పుడు ఆ అరెకరం కూడా మిగతా పొలంతో కలిసి అమ్ముడుపోయింది. కొన్నవారి తప్పు లేదు, వారు కాగితం చూసి కొన్నారు. ఇంకొకరిని నిందించడానికి మాకు నోరు రాదు. ఇప్పటికీ ఆ దారిన పోతున్నప్పుడు మేము తల వంచుకొని పోతాము.

మణికొండ నేర్పిన పాఠం

పెద్ద కథ కావాలంటే హైదరాబాదు పక్కన మణికొండ ఉంది. అక్కడి హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా కింద ఉన్నదని వక్ఫ్ బోర్డు చెప్పిన భూమి 1,654 ఎకరాల 32 గుంటలు. కాని 1989 నాటి గెజిట్ ప్రకటనలో ఆ దర్గా పేర చూపినది 5,506 చదరపు గజాలు మాత్రమే. 2006లో తప్పొప్పుల సవరణగా మరొక ప్రకటన వేసి ఎకరాలన్నీ చేర్చారు. అప్పటికే ఆ నేల మీద పెద్ద పెద్ద కట్టడాలు లేస్తున్నాయి. వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2022 ఫిబ్రవరి 7న కోర్టు ఆ సవరణ ప్రకటన చెల్లదని, జాగీర్ల రద్దుతో ఆ భూమి ప్రభుత్వానికి చెందిందని తీర్పు చెప్పింది.

ఆ తీర్పు మీద ఎవరి అభిప్రాయం వారికుండవచ్చు. మనం నేర్చుకోవలసినది వేరే ఉంది. మంజూరు ఏ తరహాదో, హద్దులు ఏవో, విస్తీర్ణం ఎంతో మొదటి రోజే కాగితం మీద సరిగా పడకపోతే, వందేళ్ల తర్వాత ఎంత పెద్ద వకీలైనా దానిని పూర్తిగా నిలబెట్టలేడు.

ఈ చిక్కు మన వక్ఫులకే పరిమితం కాదు. 1951 ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లా పోచంపల్లిలో వినోబాభావే గారి ఎదుట హరిజన కుటుంబాలు 80 ఎకరాలు అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి గారు లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అలా పుట్టి దేశమంతా నడిచింది. అది మన తెలంగాణ గడ్డకు దక్కిన గౌరవం. ఆ దానాలను నిలబెట్టడానికి 1965లో భూదాన గ్రామదాన చట్టం చేశారు. అయినా సర్వే చేసి హద్దురాళ్లు నాటి పేదవాడికి అప్పగించిన చోట దానం నిలిచింది, కాగితం మీదనే మిగిలిన చోట తగాదాలు మిగిలాయి. దాత మనసు ఎంత మంచిదైనా హద్దురాయి పని హద్దురాయే చేయాలి.

కాగితం నిలిచినా నేల చస్తే?

ఇంతవరకు చెప్పినది హక్కు సంగతి. పెద్దాయన అడిగిన దానిలో మరొక సగం ఉంది. "చెట్లు కొట్టొద్దు" అన్నారాయన. దీనికి చట్టంలో సమాధానం తక్కువ. వక్ఫ్ భూమిని ఏటా వేలంపాట పెట్టి కౌలుకిస్తే ఏమవుతుందో మనం కళ్లారా చూస్తున్నాము. పాడుకున్నవాడు వచ్చే ఏడు తనకు దక్కుతుందో లేదో అని పెంట తోలడు, ఒడ్డు వేయడు. చేతికి అందినంత పిండుకొని పోతాడు. అతనిదీ బతుకే. పదేళ్లు ఇలా గడిస్తే మూలం నిలిపినట్టు కాగితం చెబుతుంది, నేల మాత్రం మొరం తేలి పడి ఉంటుంది.

ఈ విషయంలో మన పక్కనే ఒక పాఠశాల ఉంది. జహీరాబాదు దగ్గరి పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో చేరిన బీద స్త్రీలు, ముఖ్యంగా దళిత స్త్రీలు, పడావు పడిన చెల్కలను బాగుచేసి జొన్న, కంది, కొర్ర, సామ, తైదలు వంటి పాత పంటలను కలిపి సాగుచేశారు. విత్తనాన్ని ఇంట్లోనే కాపాడి, ఒకరికొకరు బదులిచ్చుకున్నారు. ఝరాసంగం మండలంలోని మాచ్నూరు నుండి 2008లో వారి సంఘం రేడియో మాట్లాడటం మొదలుపెట్టింది. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి ఆ స్త్రీలకు వచ్చింది. పట్టా పుస్తకం పేజీలు చదవలేని ఆడవాళ్లు నేలను చదివారు. మన సంఘానికి వక్ఫ్ చెల్క ఏదైనా దక్కితే, వేలం పెట్టేముందు వీరిని వెళ్లి అడగడం మంచిదని మా మనవి.

మరొక వైపు, న్యాల్కల్, ఝరాసంగం మండలాల్లో 12,600 ఎకరాలకు పైగా భూమితో పారిశ్రామిక మండలి, జనం నోట్లో నిమ్జ్, తలపెట్టిన నాటి నుండి భూముల ధరలు, మనుషుల మనసులు రెండూ మారాయి. పరిశ్రమలు వస్తే పిల్లలకు పనులు వస్తాయన్నది ఒక మాట. నేల పోతే మళ్లీ రాదన్నది ఇంకొక మాట. ఆ తర్కం ఇక్కడ చేయబోము. అమ్ముదామా అని రోజూ ఎవరో ఒకరు అడిగే కాలంలో ఒక ముసలాయన "అమ్మొద్దు, పండించి పంచండి" అని అంటున్నాడంటే, ఆ కోరికను కాపాడే బాధ్యత మన సంఘం మీద ఉందని మాత్రం చెబుతున్నాము.

ఇక ఎట్ల రాయాలె?

ఆలిములు, వకీళ్లు చెప్పిన దానిలో సారాంశం ఇది.

మొదటిది, బ్రతికి ఉండగా ఇవ్వడమా, చనిపోయిన తర్వాత చెందేటట్లు వసీయత్ చేయడమా అన్నది తేల్చుకోవాలి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు మనిషి తన ఆస్తిలో ఎంతైనా వక్ఫ్ చేయవచ్చు, కాని చేసిన తర్వాత వెనక్కి తీసుకోలేడు. వసీయత్ ద్వారా చేస్తే కఫన్, దఫన్ ఖర్చులు, అప్పులు పోగా మిగిలిన దానిలో మూడో వంతు వరకే చెల్లుతుంది. అంతకు మించితే ఆయన పోయిన తర్వాత వారసులు ఒప్పుకోవాలి. వసీయత్‌ను బ్రతికినంత కాలం ఎప్పుడైనా మార్చుకోవచ్చు. చావు మంచం మీద చేసిన దానం కూడా మూడో వంతుకే లోబడి ఉంటుంది.

ఈ మూడో వంతు ఎక్కడిదంటే, హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖాస్ (రజి) మక్కాలో జబ్బుపడి, తన ఆస్తి అంతా, కాకుంటే సగమైనా, దానం చేస్తానంటే ప్రవక్త (స) ఒప్పుకోలేదు. మూడో వంతు చాలు, అదే ఎక్కువ అన్నారు. వారసులు ఒకరి ముందు చేయి చాచే స్థితిలో ఉండటం కంటే వారిని కలిగినవారిగా వదలిపోవడం మేలని చెప్పారు. అప్పటికి సఅద్ (రజి) గారికి ఒక్కతే కూతురు. కాబట్టి దేవుని పేరు చెప్పి ఆడబిడ్డల హక్కు ఎగవేయడం ధర్మం కాదు. బ్రిటిషిండియాలో సంతానం మేలు కోసం చేసే వక్ఫ్‌ను 1894లో ప్రీవీ కౌన్సిల్ చెల్లదంటే, 1913 చట్టంతో అది మళ్లీ చెల్లింది. ఆ దారిని కొందరు కూతుళ్లను తప్పించడానికి వాడుకున్నారని కూడా ఒప్పుకోవాలి. 2025 సవరణ చట్టం అలాంటి వక్ఫ్ పేరిట స్త్రీల వారసత్వ హక్కు పోరాదని వ్రాసింది. అది షరీఅత్ చెప్పిన మాటే.

రెండవది, నోటిమాట కాలం అయిపోయింది. 2025 ఏప్రిల్ 8 నుండి అమలైన ఆ సవరణ ప్రకారం వ్రాతపూర్వకమైన వక్ఫ్‌నామా లేకుండా కొత్త వక్ఫ్ ఏర్పడదు. దాత ఆ ఆస్తికి చట్టప్రకారం సొంతదారై ఉండాలి. ఈ చట్టం మీద సుప్రీంకోర్టులో వ్యాజ్యాలు పడ్డాయి, 2025 సెప్టెంబరు 15న కోర్టు కొన్ని నిబంధనలను తాత్కాలికంగా ఆపింది. అందువల్ల వ్రాసే రోజున వకీలును అడిగి వ్రాయాలి. ఒకసారి వక్ఫైన భూమిని అమ్మడం, దానమివ్వడం, మార్చుకోవడం, తాకట్టు పెట్టడం 2013 సవరణ నిషేధించింది. ఇది దాతకు పెద్ద అండ.

మూడవది, వక్ఫ్‌నామాలో సర్వే నంబరు, ఎకరాలు, గుంటలు, నాలుగు దిక్కుల హద్దులు, బావి, చెట్ల లెక్క అన్నీ ఉండాలి. సర్వేయరుతో కొలిపించి రాళ్లు నాటించాలి. రిజిస్టరు చేయించి, రెవెన్యూ రికార్డులో పేరు మార్పించి, బోర్డులో నమోదు చేయించాలి. నకలు ఒకటి ఇంట్లో, ఒకటి మసీదులో, ఒకటి సంఘం బీరువాలో ఉండాలి.

నాలుగవది, ఉమర్ (రజి) లాగా షరతులు వ్రాయాలి. పచ్చని చెట్టు కొట్టరాదు, ఎండినది కొడితే రెండు నాటాలి. మట్టి, మొరం త్రవ్వి అమ్మరాదు. కౌలు ఇస్తే ఒడ్లు వేసి పెంట తోలే షరతు మీద, నాలుగైదు పంటలకు తగ్గకుండా, చట్టం ఒప్పుకున్నంత గడువుకు ఇవ్వాలి. ఆదాయంలో మొదట నేలకు, బావికి కావలసినది తీసి, తర్వాతనే యతీములకు, చదువుకునే పిల్లలకు పంచాలి. ముతవల్లీ ఏటా పదిమంది ముందు లెక్క చదవాలి. ఆ పదిమందిలో స్త్రీలు కూడా ఉండాలి.

ఆ పెద్దాయన ఏమన్నారంటే

ఇదంతా వ్రాసుకొని వెళ్లి ఆయన ఇంటి అరుగు మీద కూర్చొని చదివి వినిపించాము. ఓపికగా విన్నారు. మూడో వంతు అనగానే వేళ్ల మీద లెక్క వేశారు. నాలుగెకరాలంటే నూట అరవై గుంటలు, మూడో వంతు యాభైమూడు గుంటలు, అంటే ఎకరం పదమూడు గుంటలు. "మరి బాయి, చెట్లు ఉన్న తునక ఇస్తే మిగిలిన దాని కంటె దానికే కిమ్మత్ ఎక్కువ కదా" అన్నారు. నిజమే, మూడో వంతు విలువలో చూడాలి గాని గుంటల్లో కాదు. అంతవరకు మాకు తట్టలేదు. రైతుకు తట్టింది.

లోపలి నుండి ఆయన ఇంటావిడ ఒక మాట అన్నారు. "బిడ్డలను అడిగినవా? వాళ్లూ ఆ చెట్ల కింద ఊగినోళ్లే." పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, పిల్లలందరినీ పిలిచి, ఆడబిడ్డలను ముందు కూర్చోబెట్టి అడుగుతానన్నారు. ఈ వ్యాసం అచ్చుకు వెళ్లేనాటికి ముగ్గురు ఒప్పుకున్నారు. ఒకరు ఇంకా ఆలోచిస్తున్నారు. సర్వేయరు రావలసి ఉంది. తొందరపెట్టడం లేదు. ఇష్టం లేని దానం దానం కాదు కదా.

మా దాదా నోటితో ఇచ్చిన అరెకరం ఇక తిరిగి రాదు. కాని ఇంకొకరి దాదా చింతచెట్లు నిలబడటానికి మన సంఘం సాక్షిగా నిలిస్తే, ఆ బాకీలో కొంతైనా తీరుతుందని మా ఆశ. సభ్యులలో ఎవరి ఇంట్లోనైనా పాత ముంతఖబ్, వక్ఫ్‌నామా, పహాణీ నకలు, లేదా పెద్దల నోట విన్న ఇటువంటి మాట ఉంటే, చెదలు పట్టకముందే, విన్నవారు పోకముందే, సంఘం దఫ్తరుకు తెచ్చి నకలు తీయించవలసిందిగా కోరుతున్నాము.

ఇచ్చినవారి దానాన్ని అల్లాహ్ స్వీకరించుగాక. దానిని కాపాడే బుద్ధి, లెక్క చెప్పే నిజాయితీ మనకు ప్రసాదించుగాక. ఆమీన్.